ఏళ్ల తరబడి నిలిపేసిన అంబాసిడర్, పద్మిని కార్లకు బ్రేకులు మళ్లీ బాగుచేయడం ఎలా: విశాఖ వాళ్ల కోసం

పాత కారును మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లు ముందు ఇంజిన్ పని పట్టుకుంటారు. కొత్త బ్యాటరీ వేసి, కార్బొరేటర్ కడిగి, స్టార్ట్ అవగానే ఒక రౌండ్ వేసొద్దామనుకుంటారు. కానీ ఇంజిన్ స్టార్ట్ కాకపోతే కారు ఇంటి దగ్గరే ఉంటుంది. బ్రేకు పట్టకపోతే హనుమంతవాక దగ్గర ముందున్న ఆటోలోకి దూరి ఆగుతుంది. అందుకని ముందు బ్రేకులు చూడండి, ఇంజిన్ సంగతి తర్వాత.

ఇక్కడ చెప్పేది నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులున్న పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని బండ్ల గురించి. ముందు డిస్కులున్న బండి అయితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కగానే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది), పైపులు, వెనక డ్రమ్ముల పని ఇదే. డిస్కుల పని వేరు.

విశాఖలో ఈ పని ఎందుకంత జాగ్రత్తగా చేయాలో చెప్పాలి. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మూతకున్న సన్నని రంధ్రం గుండా, రబ్బరు హోస్‌ల గోడల గుండా చెమ్మ లోపలికి చేరుతూనే ఉంటుంది. లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో నిలిపిన బండికి పైనుంచి ఉప్పుగాలి, లోపలినుంచి నీళ్లు కలిసిన ఆయిల్. సిలిండర్ల లోపలి ఇనుము తుప్పు పట్టేది రెండోదాని వల్లే, అది బయటికి కనిపించదు. పైగా ఈ పాత బండ్లలో చాలావాటికి ఒకటే సర్క్యూట్. నాలుగు చక్రాలకూ ఒకే గదిలోంచి ఆయిల్ వెళ్తుంది కాబట్టి ఎక్కడ ఒక్క రబ్బరు కప్పు (సిలిండర్‌లో ఆయిల్ కారకుండా ఆపే సీలు) చిరిగినా నాలుగు బ్రేకులూ పోతాయి. కారుతున్న చక్రం ఒక్కదానికే కిట్ వేసి సరిపెట్టుకుంటే, కొత్తగా వచ్చిన ప్రెషర్‌కు మిగతా మూడింటిలో పాతబడ్డ కప్పు వదిలేస్తుంది. ఆయిల్ నడిచే ప్రతి భాగాన్నీ ఒకేసారి విప్పాలి. ఈ ఒక్క విషయంలో బేరం వద్దు.

విప్పేముందు

పెడల్ తొక్కి చూడకండి. చాలాకాలం నిలిచిన సిలిండర్‌లో పిస్టన్ ఆగిన చోటికి అవతల తుప్పు గుంటలు పడి ఉంటాయి. పెడల్ తొక్కగానే కప్పు పెదవి ఆ గుంటల మీదుగా గీసుకుపోయి చిరుగుతుంది. కొత్త ఆయిల్ పోసి పదిసార్లు పంపు కొడితే బ్రేకు వచ్చినట్టే ఉంటుంది, రెండు రోజుల్లో మళ్లీ పోతుంది. తెల్లారి బండి కింద తడి కనిపిస్తే అదృష్టం, కనిపించకపోతే ప్రమాదం.

చక్రాలు పట్టేసి ఉంటే తాడు కట్టి ఈడ్చకండి. షూకు (డ్రమ్‌ను లోపలినుంచి నొక్కే వంపు ఇనుము) అంటుకున్న లైనింగ్, అంటే రాపిడి పొర, ఊడి డ్రమ్‌లో అడ్డం పడుతుంది. బండిని ఆటోనగర్‌కు చేర్చాల్సి వస్తే నాలుగు చక్రాలూ పైకెక్కే ప్లాట్‌ఫామ్ లారీ మాట్లాడుకోండి.

ఇంటి దగ్గరే చేస్తుంటే చదునైన సిమెంటు నేల ఉండాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ర్యాంపుకు దగ్గరగా వాలు ఉంటుంది, అక్కడ జాకీ ఎత్తకండి. బండి కిందకి దూరేముందు స్టాండ్లు ఉండితీరాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు వద్దు, బరువు ఒక మూల పడితే చెప్పకుండా పగిలిపోతాయి. ముందువైపు లేపినప్పుడు వెనక చక్రాలకు, వెనక లేపినప్పుడు ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క అడ్డాలు పెట్టండి. హ్యాండ్ బ్రేకును నమ్మకండి, మనం బాగుచేస్తున్నది దాన్నే.

డ్రమ్ లోపలి దుమ్ము గురించి గట్టిగా చెప్పాల్సిందే. పాతకాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. దాన్ని కంప్రెసర్ గాలితో ఊదడం, పొడి బ్రష్‌తో దులపడం అసలు చేయకండి. సబ్బునీళ్లు స్ప్రే చేసి తడిపి, గుడ్డపేలికతో తుడిచి, ఆ పేలికను కవర్‌లో కట్టి పారేయండి. ఎన్95 మాస్కు ఆస్బెస్టాస్‌కు చాలదు, పి100 ఫిల్టరున్న మాస్కు వేసుకోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఏమేం సిద్ధం చేసుకోవాలి

నాలుగు చక్రాల వీల్ సిలిండర్ (చక్రం దగ్గర షూలను నెట్టేది) కిట్లు. అంబాసిడర్‌కు ముందు ఒక్కో చక్రానికి రెండు సిలిండర్లు, వెనక ఒక్కోటి, అంటే మొత్తం ఆరు. మాస్టర్ సిలిండర్‌కు మేజర్ కిట్. మూడు హోస్ పైపులు, ముందు చక్రాలకు రెండు, వెనక యాక్సిల్‌కు ఒకటి. హోస్‌ల దగ్గర కొత్త రాగి వాషర్లు. బ్లీడ్ నిపుల్స్ (ఆయిల్‌లోని గాలి బయటికి తీసే చిన్న మరలు) అన్నీ కొత్తవి. డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ఆయిల్ సీలు తీయని అర లీటరు సీసాలు రెండు. సిస్టమ్‌లో పట్టేది అంతకంటే తక్కువే, కానీ మొదటిసారి ఎయిర్ తీసేటప్పుడు చాలా బయటికి పోతుంది. కడగడానికి ఒక లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా బ్రేక్ క్లీనర్ స్ప్రే. బ్రేకులకు వాడే రబ్బర్ గ్రీజు చిన్న డబ్బా.

కిట్ల విషయంలో ఒక మాట. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగిపోయాక అంబాసిడర్ భాగాలు కొన్ని షాపుల్లో ఏళ్లుగా అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి. పెట్టె కొత్తగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. కప్పు పెదవిని వేలితో వంచి చూడండి. వెంటనే సాగి తిరిగి రావాలి. సన్నని పగుళ్లు కనిపించినా, వంగనని మొరాయించినా తీసుకోకండి. పెట్టెలోంచి తీసిన కొత్త సిలిండర్‌ను కూడా విప్పి లోపల చూడాల్సిందే, మన ఊరి చెమ్మకు అది వాడకుండానే తుప్పు పట్టి ఉండొచ్చు.

స్పానర్ల దగ్గర తికమక పడేవాళ్లు ఎక్కువ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం నుంచి వచ్చిన అంబాసిడర్‌ది అంగుళాల లెక్క, ఫియట్ నుంచి వచ్చిన పద్మినిది మిల్లీమీటర్ల లెక్క. అంబాసిడర్ బ్రేకు పైపు నట్లకు మామూలుగా 7/16 అంగుళం స్పానర్ పడుతుంది, అంటే 11.1 మి.మీ.; 11 కొన్నిసార్లు దూరుతుంది, 12 అయితే మూలలు తినేస్తుంది. పైపు నట్లకు పైపు దూరేలా ఒకవైపు కోసి ఉండే ఫ్లేర్ నట్ స్పానరే వాడండి. పొలుసులు లేచిన తుప్పు నట్టును మామూలు డబుల్ ఎండ్ స్పానర్‌తో తిప్పితే గుండ్రంగా అయిపోతుంది. కొత్త నట్లు కొనేటప్పుడు పాతదాన్ని జేబులో వేసుకెళ్లి మర ఎక్కించి చూసి తెచ్చుకోండి.

డ్రమ్ములు ఊడదీయడం

ముందురోజు సాయంత్రమే నట్ల మీద, నిపుల్స్ మీద, డ్రమ్‌ను పట్టుకున్న స్క్రూల మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. మర్నాడు మళ్లీ కొట్టండి. తొందరపడితే విరిగేది అక్కడే.

చక్రం తీశాక షూ సర్దుబాటును పూర్తిగా వదులు చేయండి. కొన్ని బండ్లలో డ్రమ్ మీది రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్‌తో, కొన్నింటిలో డ్రమ్ వెనకుండే ప్లేటుకున్న చదరపు తల బోల్టుతో తిప్పుతారు. సర్దుబాటు వదలకుండా డ్రమ్ లాగితే, అంచు దగ్గర అరగకుండా మిగిలిన గట్టుకు షూలు తగులుకుని రావు. డ్రమ్ స్క్రూలు పట్టేస్తే సరిగ్గా సరిపోయే బిట్ పెట్టి, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి.

తర్వాత డ్రమ్ చుట్టూ చెక్క సుత్తితో తట్టుతూ, తిప్పుతూ రండి. డ్రమ్ పోత ఇనుము కాబట్టి ఇనుప సుత్తితో అంచు మీద కొడితే ముక్క ఊడిపోతుంది. డ్రమ్ ముఖం మీద మర కోసిన రంధ్రాలుంటే వాటిలో రెండు బోల్టులు ఎక్కించి, రెండూ సమానంగా బిగిస్తూ పోతే డ్రమ్ దానంతట అదే బయటికి వస్తుంది. అప్పటికీ రాకపోతే హబ్ చుట్టూ గ్యాస్ టార్చ్‌తో కాస్త వేడి చేయించండి, లోపలి రబ్బరు ఎలాగూ పారేసేదే. మంట దగ్గర తుప్పు ఆయిల్ స్ప్రే మాత్రం ఉండకూడదు.

డ్రమ్ రాగానే ఫోన్‌తో రెండు మూడు కోణాల్లో ఫొటోలు తీసుకోండి. ఏ స్ప్రింగ్ ఏ రంధ్రంలో ఉందో, ఏ షూ పొడవు చివర ఎటు ఉందో తర్వాత గుర్తుండదు. ఒక్కసారి ఒక్క పక్కే విప్పితే రెండో పక్క నమూనాగా మిగులుతుంది.

ఏం చూడాలి

వీల్ సిలిండర్ రెండు చివర్లా ఉండే రబ్బరు మూతను వేలితో ఎత్తి చూడండి. లోపల తడిగా ఉంటే కప్పు కారుతున్నట్టే. ఎండిన గోధుమరంగు బురద ఉంటే ఒకప్పుడు కారి ఆరిపోయింది.

వెనక డ్రమ్‌లో తడి కనిపిస్తే అది బ్రేక్ ఆయిలా, యాక్సిల్ నుంచి వచ్చిన గేరాయిలా అని తేల్చుకోవాలి. ఒక చుక్కను గాజు గ్లాసు నీళ్లలో వేయండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, గేరాయిల్ పైన తేలుతుంది. గేరాయిల్ అయితే యాక్సిల్ ఆయిల్ సీల్ మార్చాలి, దాంతోపాటు వెనక యాక్సిల్ మీదున్న గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయిందేమో చూడాలి. అది మూసుకుంటే లోపల ప్రెషర్ పెరిగి కొత్త సీల్‌ను కూడా దాటుకుని ఆయిల్ వచ్చేస్తుంది. వానాకాలంలో సెల్లార్‌లో నీళ్లు నిలిచి డ్రమ్ములు మునిగిన బండి అయితే ముందు చక్రాల బేరింగుల గ్రీజు కూడా మార్చండి.

ఆయిల్ తాగిన లైనింగ్‌ను పెట్రోల్‌తో కడిగి ఎండబెట్టి మళ్లీ వేయడం చాలాచోట్ల చూస్తాం. అలా చేయకండి. బ్రేకు వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది, బండి రెండో వైపుకు లాగేస్తుంది. లైనింగ్ బాగానే ఉన్నట్టు కనిపించినా రివెట్ తలకు పైన 1 మి.మీ. కన్నా తక్కువ మిగిలితే మార్చాలి. అంటించిన రకం అయితే షూను పట్టుకుని లైనింగ్ మీద చిన్న సుత్తితో తట్టండి. గుల్లగా శబ్దం వచ్చిన చోట షూ ఇనుముకు, లైనింగుకు మధ్య తుప్పు పెరిగి లైనింగ్ లేచిపోతోందని అర్థం.

పాత షూలను పారేయకండి, వాటి మీదే కొత్త లైనింగ్ వేయించుకోవచ్చు. గాజువాక ఆటోనగర్‌లో లైనింగ్ వేసేవాళ్లు ఉన్నారు. ఇచ్చేటప్పుడు డ్రమ్ములు కూడా ఇచ్చి, లైనింగ్ వంపును డ్రమ్ వంపుకు తగినట్టు అరగదీయమని చెప్పండి. ఒకే యాక్సిల్ మీద రెండు పక్కలా ఒకే రకం లైనింగ్ ఉండాలి.

డ్రమ్ లోపల తుప్పు పొర మాత్రమే ఉంటే ముతక ఎమరీ పేపరుతో పోతుంది. అరిగిన గాడులు లోతుగా ఉంటే, లేదా షూ అంటుకున్న చోట్ల మచ్చలు దిగిపోయి ఉంటే లేత్ మీద పెట్టించాలి. అవసరమైనంత మాత్రమే తీయించండి. అసలు వ్యాసం కన్నా 1.5 మి.మీ. మించి పెరిగితే ఆ డ్రమ్ వద్దు. పలచబడిన డ్రమ్ వేడికి సాగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. ఎడమ డ్రమ్‌ను కోస్తే కుడిదాన్నీ అదే కొలతకు కోయించాలి.

సిలిండర్లు: అసలు పని ఇక్కడే

పిస్టన్ పట్టేసి ఉంటే పైపు రంధ్రంలోంచి గాలి కొడితే వస్తుంది. ఎదురుగా చెక్క పెట్టి, సిలిండర్‌ను గుడ్డలో చుట్టి కొట్టండి, పిస్టన్ తుపాకీ గుండులా వస్తుంది. అప్పటికీ రాకపోతే గ్రీజు గన్‌తో నెట్టొచ్చు. ఆ తర్వాత గ్రీజు మచ్చ కూడా మిగలకుండా కడగాలి.

కడగడానికి ఆల్కహాల్, బ్రేక్ క్లీనర్, లేదా బ్రేక్ ఆయిలే. కిరోసిన్, డీజిల్, పెట్రోల్, ఇంజినాయిల్ వీటి దగ్గరికి రాకూడదు. బ్రేకు కప్పుల రబ్బరు ఖనిజ నూనెల్లో ఉబ్బిపోతుంది. ఆరబోశాం కదా అనుకున్న పలుచని పొర చాలు, కొన్నాళ్లకు కప్పులు ఉబ్బి పిస్టన్ వెనక్కి రాదు, బ్రేకు పట్టుకునే ఉంటుంది. ఎవరైనా పొరపాటున మాస్టర్ సిలిండర్‌లో ఇంజినాయిల్ పోసి ఉంటే ఒక్క రబ్బరు ముక్క కూడా మిగల్చకుండా అన్నీ మార్చాల్సిందే.

ఇప్పుడు సిలిండర్ లోపల టార్చ్ వేసి చూడండి. గోధుమరంగు మరక వేరు, గుంట వేరు. గోటితో గీకి చూస్తే గోరు ఎక్కడైనా తట్టుకుంటే అది గుంట. కప్పు కదిలే చోట గుంట ఉంటే ఆ సిలిండర్ అలాగే పనికిరాదు. మరకలైతే సన్నని హోన్ రాయి (లోపలి గోడను నున్నగా చేసేది) పెట్టి బ్రేక్ ఆయిల్‌తో తడుపుతూ కొన్ని సెకన్లు తిప్పితే చాలు. గుంట పోయేదాకా హోన్ చేస్తే వ్యాసం పెరిగిపోతుంది, కప్పు ఆనదు. అల్యూమినియం సిలిండర్‌ను మాత్రం హోన్ చేయనే కూడదు. పైన ఉన్న గట్టి పొర పోతే వారాల్లో తినేస్తుంది.

గుంటలున్న ఇనుప సిలిండర్‌కు రెండు దారులు: కొత్త సిలిండర్, లేదా పాతదానికి స్లీవ్. స్లీవ్ అంటే లేత్ మీద లోపలి వ్యాసం పెంచి, ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం బిగించి, దాన్ని అసలు కొలతకు తెచ్చి నున్నగా చేయడం. విశాఖలో కారు ఉంచుకునేవాళ్లకు మా సలహా స్టెయిన్‌లెస్ స్లీవే. లోపల మళ్లీ తుప్పు పట్టదు, కప్పులు మాత్రం మారిస్తే చాలు. పని ఇచ్చేటప్పుడు మూడు మాటలు స్పష్టంగా చెప్పండి. సిలిండర్ ఒంటి మీద పోసిన అసలు వ్యాసమే ఉండాలి. ఆయిల్ వచ్చే రంధ్రం, గాలి పోయే రంధ్రం స్లీవ్‌లో కూడా తెరిచి, వాటి అంచులు నున్నగా చేయాలి. గరుకు అంచు మొదటిరోజే కప్పును కోస్తుంది. ఎడమ, కుడి ఒకే వ్యాసం కావాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది.

బిగించేటప్పుడు కప్పును కొత్త బ్రేక్ ఆయిల్‌లో ముంచండి. పెదవి ఎప్పుడూ ఆయిల్ వైపు, అంటే సిలిండర్ లోపలికి చూడాలి. తిరగేసి వేస్తే ప్రెషర్ నిలవదు. బయటి దుమ్ము మూతల లోపల కొద్దిగా రబ్బర్ గ్రీజు రాస్తే చెమ్మ లోపలికి వెళ్లదు, మన వాతావరణంలో ఇది చాలా మేలు చేస్తుంది.

ముందు సిలిండర్లు కుడి ఎడమలకు వేర్వేరుగా ఉండొచ్చు. మార్చి బిగిస్తే బ్లీడ్ నిపుల్ కింది వైపుకు వస్తుంది. గాలి పైకి పోతుంది కాబట్టి, ఎన్ని సీసాల ఆయిల్ పోసినా ఆ చక్రంలో గాలి మిగిలిపోతుంది. నిపుల్ ఆ సిలిండర్‌కు పై భాగంలోనే ఉందా అని ప్రతి చక్రం దగ్గరా చూసుకోండి.

హోస్‌లు, పైపులు

హోస్‌లను చూసి తీర్పు చెప్పకండి, మార్చేయండి. పాత హోస్ లోపలి పొర ఉబ్బి దారి సన్నబడుతుంది. తొక్కినప్పుడు ప్రెషర్ వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు, ఆ చక్రం కాలిపోతుంది. బయటికి ఆ హోస్ బాగానే కనిపిస్తుంది. బిగించేటప్పుడు ముందు సిలిండర్ చివర బిగించి, తర్వాత బ్రాకెట్ దగ్గర నట్టు వేయండి. హోస్ మెలిక పడకూడదు. ముందు చక్రాలను రెండు వైపులా పూర్తిగా తిప్పి, హోస్ ఎక్కడా రాసుకోవట్లేదని చూడండి.

బండీ పైపుల (ఆయిల్ నడిచే సన్నని ఇనుప గొట్టాల) తుప్పు క్లిప్పుల కింద, వెనక యాక్సిల్ మీద మట్టి నిలిచే చోట ఎక్కువ. క్లిప్పు తీసి చాకుతో పైన గీకండి. మెరిసే ఇనుము వెంటనే కనిపిస్తే సరే. పొరలు ఊడి, గుంటలు కనిపిస్తే ఆ పైపు మొత్తం మార్చండి, మధ్యలో ముక్క అతకకండి. వెల్డింగ్, ఏసీ కనెక్షన్లకు వాడే ఫిట్టింగులు బ్రేకు ప్రెషర్‌కు ఆగవు. ఏసీ పైపుల రాగి కూడా వద్దు, అదురుకు గట్టిపడి చీలుతుంది. బ్రేకులకే చేసిన 4.75 మి.మీ. స్టీలు పైపు, లేదా దొరికితే రాగి నికెల్ మిశ్రమం పైపు వాడండి. రెండోది ఉప్పుగాలికి బాగా తట్టుకుంటుంది. పైపు చివర ఫ్లేర్ (విచ్చుకున్నట్టుండే అంచు) పాతదాని ఆకారంలోనే ఉండాలి. ఫ్లేర్ చేసేముందు నట్టు పైపులోకి ఎక్కించారో లేదో చూసుకోండి.

ఉంచుతున్న పైపుల్లోకి ఆల్కహాల్ పోసి గాలి కొట్టండి. తేటగా వచ్చేదాకా కడగండి.

మాస్టర్ సిలిండర్

ఇది కొన్ని బండ్లలో డ్రైవర్ కాళ్ల దగ్గర నేల కింద, కొన్నింటిలో బానెట్ కింద గోడకు ఉంటుంది. విప్పి లోపల చూడటం, స్లీవ్ సంగతి వీల్ సిలిండర్ల లాగే. అదనంగా మూడు చూడాలి.

ఒకటి, ట్యాంకు నుంచి సిలిండర్‌లోకి దిగే రెండు రంధ్రాల్లో చిన్నది. దాదాపు సూదిమొనంత ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు ప్రెషర్ ట్యాంకులోకి తిరిగి వెళ్లేది దానిలోంచే. అది మూసుకుపోతే నాలుగు బ్రేకులూ పట్టుకునే ఉంటాయి, నడిచేకొద్దీ వేడెక్కి ఇంకా బిగుస్తాయి. సన్నని రాగి తీగ దూర్చి శుభ్రం చేయండి, స్టీలు తీగతో గీకి పెద్దది చేయకండి.

రెండు, పుష్‌రాడ్‌కు (పెడల్ నుంచి పిస్టన్‌ను నెట్టే కడ్డీ) పిస్టన్‌కు మధ్య కాస్త ఖాళీ, 0.8 మి.మీ. ప్రాంతంలో ఉండాలి. ఖాళీ లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక పైన చెప్పిన చిన్న రంధ్రాన్ని మూసేస్తుంది. పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట కొద్ది మిల్లీమీటర్లు ఖాళీగా కదలాలి.

మూడు, ఆయిల్ బయటికి వెళ్లే చివర స్ప్రింగుతో ఉండే చెక్ వాల్వ్. డ్రమ్ బ్రేకుల్లో ఇది కొద్దిపాటి ప్రెషర్ నిలిపి కప్పులను విచ్చుకునేలా ఉంచుతుంది. అదనపు వాషర్‌లా కనిపిస్తుంది కాబట్టి పారేసేవాళ్లున్నారు. పారేయకండి.

ట్యాంకు మూతలోని గాలి రంధ్రం కూడా తెరిచి ఉండాలి.

ఎయిర్ తీయడం

షూలు బిగించేముందు వెనక ప్లేటు మీద షూలు ఆనే చోట్ల వేడికి తట్టుకునే గ్రీజు చుక్క చొప్పున రాయండి. లైనింగ్ మీద వేలిముద్ర కూడా పడనివ్వకండి. డ్రమ్ములు వేసి, షూలను చక్రం తిరగనంత బిర్రుగా సర్దండి. షూలు వదులుగా ఉంటే పెడల్ ప్రయాణం వృథా అయి గాలి సరిగా రాదు.

మన బండ్లలో స్టీరింగ్ కుడివైపు, మాస్టర్ సిలిండర్ కూడా అటే. అందుకని దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, కుడి వెనక, ఎడమ ముందు, చివరికి కుడి ముందు చేయండి. ఆక్వేరియం షాపులో దొరికే పారదర్శక పైపు నిపుల్‌కు తొడిగి, రెండో చివరను కొద్దిగా బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. లోపల ఇంట్లోవాళ్లెవరినైనా కూర్చోబెట్టండి. నెమ్మదిగా తొక్కి “పట్టాను” అనాలి. మీరు నిపుల్ తిప్పుతారు, పెడల్ కిందికి దిగుతుంది. మీరు నిపుల్ మూసి “వదులు” అన్నాకే కాలు తీయాలి. ముందే తీస్తే గాలి వెనక్కి పోతుంది. టపటపా తొక్కించకండి, గాలి చిన్న బుడగలుగా విడిపోయి ఆయిల్‌లో కలిసిపోతుంది.

నాలుగైదు తొక్కులకొకసారి ట్యాంకు చూడండి. ఒక్కసారి ఖాళీ అయితే మొదటినుంచి చేయాలి. బయటికి వచ్చిన ఆయిల్ తేటగా కనిపించినా మళ్లీ పోయకండి. రంగు మీద పడితే వెంటనే నీళ్లు గుమ్మరించండి, ఆలస్యమైతే పెయింట్ లేచిపోతుంది. పాత ఆయిల్‌ను కాలువలో పోయకుండా, వాడిన ఇంజినాయిల్ తీసుకునే షాపుకు వేరే సీసాలో ఇవ్వండి.

సిలికాన్ రకమైన డాట్ 5 గురించి అడిగేవాళ్లుంటారు. తేమ పీల్చదన్నది నిజం. కానీ మామూలు ఆయిల్‌తో కలవదు, లోపలికి చేరిన నీరు విడిగా ఒకచోట నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది. మామూలు వాడకానికి డాట్ 4 పోసి సమయానికి మార్చుకోవడమే మేలు.

తర్వాత పెడల్‌ను రెండు నిమిషాలు గట్టిగా తొక్కి పట్టండి. నెమ్మదిగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది; బయట ఏమీ లేకపోతే మాస్టర్ సిలిండర్ కప్పు దాటుకుని పోతోంది. బ్యాటరీ తీసేసి, సీటుకు పెడల్‌కు మధ్య కర్ర బిగించి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే ప్రతి జాయింటుకూ తెల్ల టిష్యూ అద్ది చూస్తే చిన్న చెమ్మ కూడా దొరుకుతుంది.

ఆ తర్వాత షూలను ఒక్కో చక్రానికి తిరగగలిగేలా వదులు చేయండి. సన్నగా రాసుకుంటున్న శబ్దం ఉంటే చాలు. హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను అన్నిటికన్నా చివర్లో సర్దాలి. షూల వదులును కేబుల్ లాగి కప్పిపుచ్చితే పెడల్ ఎప్పటికీ సరిగా రాదు.

మొదటిసారి నడపడం

రిజిస్ట్రేషన్ గడువు, ఇన్సూరెన్స్ లేని బండిని రోడ్డు మీద పరీక్షించకండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. ముందు కాంపౌండులో, చేయి హ్యాండ్ బ్రేకు మీద ఉంచి, నడక వేగంలో ఆపి చూడండి. తర్వాత మధురవాడ వైపు ఖాళీ లేఅవుట్ రోడ్ల లాంటి చదునైన చోట 20, 30, 40 కిలోమీటర్ల వేగంలో. టైర్లు కూడా బండితో పాటే నిలిచాయని మరవకండి; పక్కన పగుళ్లుంటే ఈ పరీక్ష ముందే మార్చాలి.

పెడల్ మొదటిసారి లోతుకు వెళ్లి రెండోసారి గట్టిగా తగిలితే షూలు వదులుగా ఉన్నాయి, గాలి కాదు. ఎన్నిసార్లు తొక్కినా మెత్తగానే ఉంటే గాలి. గట్టిగా ఉండి బ్రేకు పట్టకపోతే లైనింగ్ ఆయిల్ తాగి ఉంది లేదా డ్రమ్‌కు ఇంకా ఆనలేదు. బండికి వాక్యూమ్ సర్వో (పెడల్ బలాన్ని పెంచే పరికరం) ఉంటే దాని హోస్ చూడండి. ఒకవైపు లాగితే, లాగని వైపు చక్రం తప్పు చేస్తోందని ముందు అనుమానించండి.

ఆగాక నాలుగు డ్రమ్ముల మీదా నీటి చుక్క వేయండి. ఒక్కదాని మీదే చుయ్యిమంటే ఆ చక్రం పట్టుకునే ఉంది, హోస్ లేదా షూ స్ప్రింగ్ చూడాలి.

కొత్త లైనింగ్ డ్రమ్‌కు ఆనడానికి 40 వేగం నుంచి మామూలు ఒత్తిడితో ఇరవై ముప్పై సార్లు, మధ్యలో చల్లారనిస్తూ ఆపండి. ఆ తర్వాత షూలు మళ్లీ ఒకసారి సర్దండి. అంతవరకు కైలాసగిరి, సింహాచలం కొండల దారి పట్టకండి. కొండ దిగేటప్పుడు రెండో గేరులోనే దిగండి. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కు ఆ లెక్క 230, 155. వేడెక్కిన డ్రమ్ పక్కన ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది.

ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చమంటారు. బీచ్‌కు దగ్గరగా ఉండేవాళ్లు ఏడాదికోసారి, వానలు తగ్గాక డిసెంబరులో మార్చుకోండి. పదిహేను రోజులకొకసారైనా బండి తీసి నాలుగు కిలోమీటర్లు నడిపి బ్రేకు వేయండి. బీచ్ రోడ్డులో తిరిగొచ్చాక కింది భాగం మంచినీళ్లతో కడిగి, ఆరేలా కొంచెం నడిపి ఆపండి. ఎక్కువ రోజులు నిలపాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో పెట్టి చక్రాలకు చెక్క అడ్డాలు వేయండి. ప్లాస్టిక్ కవర్ కప్పకండి, కింద చెమ్మ నిలుస్తుంది. గాలి ఆడే గుడ్డ కవరే వాడండి.